యాజమాన్యం బాధ్యత వహించదు



ఎవరి స్మృతిలో ఏటా ఈ సభ జరుగుతోందో ఆ పంతులమ్మగారు తమ ఆఖరి సంవత్సరాలు ఒక వృద్ధాశ్రమంలో గడిపారు. ఎవరూ పంపలేదు, తామే నిర్ణయించుకుని వెళ్ళారు. అందుకే ఈ ఏడాది ఉపన్యాసానికి పెద్ద పెద్ద విషయాలేవీ వెతకలేదు. ఆశ్రమంలో చేరిన మనిషి వెంట తెచ్చుకున్న వస్తువులు ఏమవుతున్నాయి, అవి పోతే జవాబు చెప్పవలసింది ఎవరు అన్న ప్రశ్న ఒక్కటే తీసుకున్నాను. సివిల్ దావాలు నడిపి బతికినవాణ్ణి కనుక చట్టం వైపు నుంచే ఎక్కువ మాట్లాడతాను, మన్నించండి.

ఆశ్రమానికి వెళ్ళే రోజున ఇల్లంతా ఒక మంచం పక్కన సర్దుకోవాలి. బీరువా, పందిరి మంచం, వంటింట్లో ఇత్తడి సామాను, పుస్తకాలు తలా ఒకటి పంచగా మిగిలేది ఒక సూట్‌కేసు, ఒక చేతిసంచి. నాలుగైదు నేత చీరలో పంచెలో, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, వినికిడి మిషను, చేతికర్ర, దేవుడి పటమో బైబిలో ఖురానో, పోయిన భర్త చేతి గడియారం, ఫోను, పెన్షన్ పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు. ఒంటి మీద ఒక గొలుసు, రెండు గాజులు ఉంటే ఉంటాయి. ఇనప్పెట్టె తాళాలు బొడ్లో దోపుకుని ఇంటిని నడిపిన ఇల్లాలికి అక్కడ తాళం పడని చిన్న అర ఒకటి ఇస్తారు. ఏ పెళ్ళికి ఎవరికి ఏ చీర పెట్టాలో నిర్ణయించిన మనిషి, ఉతుకుడికి వెళ్ళిన తన చీర తిరిగి రాకపోతే అడగడానికి జంకుతుంది. అడిగితే ఆయాలకు కోపం వస్తుందేమో, రేపు రాత్రి బాత్‌రూముకు తీసుకెళ్ళమంటే ఆలస్యం చేస్తారేమో అని భయం. ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోకుండా వస్తువుల భద్రత గురించి ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదు.

అర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1955, 56 సంవత్సరాల్లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక చికిత్సాలయంలో రోగుల మధ్య తిరిగి గమనించాడు. ఆ అనుభవం నుంచి 1961లో ‘అసైలమ్స్’ అనే పుస్తకం తెచ్చాడు. మనుషుల్ని లోపల ఉంచుకునే సంస్థలు చేర్చుకునే రోజే సొంత బట్టలు, దువ్వెన, సబ్బు, సూదీదారం తీసేసుకుని అందరికీ ఒకే రకం సరుకు ఇస్తాయనీ, నలుగురి ముందు తనను తానుగా నిలబెట్టుకునే సాధనాలు మనిషికి అక్కడే పోతాయనీ అతని వాదన. మరుసటి ఏడాది ఇంగ్లండులో పీటర్ టౌన్సెండ్ ‘ది లాస్ట్ రెఫ్యూజ్’ ప్రచురించాడు. నిరుపేదలను ఉంచిన పాత వర్క్‌హౌసుల భవనాల్లోనే నడుస్తున్న వృద్ధుల గృహాలను స్వయంగా చూసి రాశాడు. అక్కడి ముసలివాళ్ళకు తమదని చెప్పుకోదగ్గ కుర్చీ అయినా లేని స్థితిని లోకం ముందు పెట్టాడు. దొంగతనం అంటే మనకు గుర్తొచ్చేది బంగారం. వీరిద్దరూ చూసింది అంతకన్నా ముందు జరిగే నష్టాన్ని.

ఇక ఈ ఉపన్యాసానికి పేరు ఇచ్చిన వాక్యం దగ్గరికి వస్తాను. లాడ్జి గుమ్మంలో, సైకిల్ స్టాండులో, ఇప్పుడు చాలా వృద్ధాశ్రమాల రిసెప్షన్ బల్ల వెనక గోడ మీద కనిపించే వాక్యం: విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు. చేరేటప్పుడు సంతకం చేయించుకునే కాగితాల్లోనూ ఇది ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ఫోనులో వచ్చిన కాగితాలు తిరగేసి సంతకం పెట్టి పంపేస్తాడు. నెలకు ఎంత, డాక్టరు ఎప్పుడొస్తాడు, తిండి ఎలా ఉంటుంది అన్నవి చూస్తాడు. ఈ వాక్యం మీద కన్ను ఆగదు. లాడ్జిలో ఒక రాత్రి ఉండి వెళ్ళే మనిషికి ఆ బోర్డు పెట్టడం వేరు. వెళ్ళడానికి మరో ఇల్లు లేని మనిషికి, తాళం ఇవ్వని గదిలో ఉంచి, ఆ మాట చెప్పడం వేరు. తాళం తమ చేతిలో ఉంచుకుని బాధ్యత మాత్రం ఆ మనిషిదేనంటే ఏ ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది?

మన ధర్మశాస్త్రమైతే ఒప్పుకోలేదు. మనుస్మృతి లెక్కించిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో, అంటే వివాదాంశాల్లో, నిక్షేపం (దాచమని అప్పగించిన సొత్తు) ఒకటి. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో అదే కోవకు చెందిన ఉపనిధికి ఒక ప్రకరణమే ఉంది. మితాక్షర దానికి వ్యాఖ్య. ఆ సంప్రదాయాన్ని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగులోకి తెచ్చాడు. యాజ్ఞవల్క్యుడు చెప్పింది మోటుగా ఇదీ: నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు రాజు వల్లో దైవికంగానో దొంగల వల్లో పోతే దాచినవాడు కట్టివ్వనక్కర లేదు. కానీ అడిగినప్పుడు ఇవ్వకుండా ఆపిన తర్వాత పోతే విలువా ఇవ్వాలి, అంత దండుగా కట్టాలి. దాచమన్న సొత్తును తన ఇష్టప్రకారం వాడుకుని లాభపడితే శిక్ష అనుభవించి, వచ్చిన లాభంతో సహా తిరిగివ్వాలి. ఈ మూడో మాట గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్ళీ వస్తుంది.

ఈ విషయంలో బహిరంగంగా, వివరంగా చట్టం రాసుకున్న దేశాల్లో అమెరికా ఒకటి కనుక అక్కడి సంగతి చెబుతాను. మన ఊళ్ళలో నర్సింగ్ హోం అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ ఆ పేరుతో పిలిచేది ముసలితనంలోనో దీర్ఘరోగంలోనో నెలలూ ఏళ్ళూ ఉండిపోయే చోటును. ఆ హోంల దుస్థితి మీద 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఇచ్చింది. 1987 డిసెంబరులో నర్సింగ్ హోంల సంస్కరణ చట్టమైంది. 2016లో నిబంధనలు తిరగరాశారు. వాటి ప్రకారం చోటు సరిపోయినంత మేరకు తన సామాను, బట్టలు తన దగ్గర ఉంచుకుని వాడుకోవడం నివాసి హక్కు. అవి పోకుండా, దొంగల పాలు కాకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం హోం బాధ్యత. వస్తువులు పోతే హోంకు బాధ్యత లేదని నివాసి చేత రాయించుకోవడం, రాసివ్వమని అడగడం కూడా నిషిద్ధం. మన గోడల మీద దర్జాగా వేలాడుతున్న ఆ వాక్యం మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకాల నిధులు తీసుకునే ఏ హోంలోనూ ఒప్పంద కాగితం మీదికి రాకూడదు.

సొత్తు దుర్వినియోగానికి వాళ్ళు ఇచ్చిన నిర్వచనం మరీ విలువైనది. నివాసి సమ్మతి లేకుండా అతని వస్తువునో డబ్బునో అక్రమంగా వాడుకుంటే, అది తాత్కాలికంగానే అయినా, దుర్వినియోగమే. కావాలని చోటు మార్చి దొరక్కుండా చేయడమూ అందులోకే వస్తుంది. ఆయా అవ్వగారి ఫోనుతో ఒక్క కాల్ చేసుకుంది, మేనేజరు తాతగారి ఏటీఎం కార్డుతో డబ్బు తీసి ఒకటో తారీకున తిరిగి పెట్టేశాడు, పక్క గది పేషంటుకు చలేస్తోందని ఈవిడ శాలువా కప్పారు. ‘తిరిగి ఇచ్చేశాం కదండీ’ అన్న మాట ఇక్కడ చెల్లదు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన మూడో మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. అడగకుండా తీసుకోవడంలోనే తప్పు జరిగిపోయింది. తిరిగి పెట్టడం దాన్ని చెరిపెయ్యదు. అలాంటి ఆరోపణ ఏది వచ్చినా, అందులో దౌర్జన్యం గాని ఒంటికి తీవ్రమైన గాయం గాని లేకపోతే 24 గంటల్లోగా, ఉంటే 2 గంటల్లోగా పై అధికారులకు తెలియజేయాలి. విచారణ ఫలితం 5 పనిదినాల్లో పంపాలి.

వాళ్ళ నిబంధనల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది పళ్ళ గురించి ఉన్న నిబంధన. కట్టుడు పళ్ళు పోయినా విరిగినా 3 రోజుల్లోగా నివాసిని దంతవైద్యానికి పంపాలి. ఏ సందర్భాల్లో ఆ నష్టం హోందే అవుతుందో ముందే రాసిపెట్టుకోవాలి, ఆ సందర్భాల్లో నివాసి దగ్గర ఖర్చు వసూలు చేయకూడదు. కట్టుడు పళ్ళు పోవడానికి దొంగ అక్కర్లేదు. భోంచేశాక కాగితం రుమాల్లో చుట్టి పళ్ళెం పక్కన పెడతారు, పళ్ళెంతో పాటే చెత్తబుట్టలోకి పోతాయి. వినికిడి మిషను దిండు కింద పెడితే దుప్పటితో పాటు ఉతుకుడు మిషనులో పడుతుంది. కళ్ళజోళ్ళు ఒకరివి ఒకరు పెట్టుకుంటారు. ఆ తర్వాత జరిగేది చూడాలి. పళ్ళు లేని మనిషికి అన్నం మెత్తగా చేసి పెడతారు, ఆమె రోజురోజుకూ తక్కువ తింటుంది, ముసలితనం కదా అంటారు. మిషను లేని మనిషి అడిగిందానికి పొంతన లేని జవాబు చెబుతాడు, మతి తప్పుతోందని కేసు షీటులో రాస్తారు. ఒక వస్తువు పోయిన నష్టం రోగంగా మారి ఆ మనిషి ఖాతాలో పడుతుంది. ఇలాంటి కేసు షీట్లు నేను చూశాను. మిషను పోయిన తేదీ వాటిలో ఎక్కడా కనబడదు.

కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ఇంకాస్త లోతుకు వెళ్ళింది. చేరే రోజున వస్తువుల జాబితా రాయాలి, ఒక ప్రతి నివాసికి ఇవ్వాలి. కొత్త వస్తువు వచ్చినా ఉన్నది తీసుకెళ్ళినా జాబితాలో ఎక్కించాలి. వస్తువుల మీద గుర్తు వేయాలి, కట్టుడు పళ్ళ మీద చెక్కించాలి కూడా. 25 డాలర్లు, ఆపైన విలువ చేసే వస్తువు పోతే పుస్తకంలో రాయాలి. ఏడాది పొడుగునా పోయినవన్నీ ఆ పుస్తకంలో కనపడాలి. 100 డాలర్లు, ఆపైన విలువ చేసేది దొంగతనమైందని నమ్మడానికి కారణం ఉంటే 36 గంటల్లో పోలీసులకు చెప్పాలి. అడిగినవాళ్ళ అరకు తాళం పెట్టాలి. తగిన ప్రయత్నం చేయని హోం ఆ వస్తువు ఇప్పటి విలువ కట్టివ్వాలి, లేదా అలాంటిదే కొనివ్వాలి. ఈ అంకెలు మనకు అచ్చంగా పనికిరావు. ఆ పుస్తకం మాత్రం పనికొస్తుంది. నా దృష్టిలో మంచి హోంకు గుర్తు పోయినవి రాసిపెట్టుకునే పుస్తకం. ‘మా దగ్గర ఇంతవరకు ఏదీ పోలేదండీ’ అని చెప్పే హోంలో పోయినవాటిని ఎవరూ రాయలేదని నా అనుమానం.

చట్టం రాసుకున్నంత మాత్రాన అమెరికాలో దొంగతనాలు ఆగిపోలేదు. టెనెసీ విశ్వవిద్యాలయానికి చెందిన డయానా హ్యారిస్, మైకేల్ బెన్సన్ నర్సింగ్ హోంల ఉద్యోగులనూ నివాసుల బంధువులనూ అడిగి, వృద్ధుల మీద జరిగే హింసలో ఎవరూ పట్టించుకోని రూపం దొంగతనమేనని 1999లో రాశారు. ప్రభుత్వ సాయంతో హోంలో ఉండే మనిషికి తన ఆదాయంలోంచి చేతి ఖర్చుకు మిగిలేది చాలాచోట్ల బహు స్వల్పం. అక్కడి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస మొత్తం నెలకు 30 డాలర్లు, 1988 నుంచి అది అక్కడే ఉంది. అంత కొద్ది డబ్బుతో బతికేవాళ్ళకు ఒక స్వెట్టరు పోవడమంటే మాటలా?

ఈ దొంగతనాలను ఎందుకు పట్టించుకోరు? ఎందుకంటే పోయిందని చెప్పే మనిషి మాట మీద ఎవరికీ నమ్మకం లేదు. ‘మీరే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటారు మామ్మగారూ.’ ఏ ఆశ్రమంలో అడిగినా మొదట వినిపించే జవాబు ఇదే. ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. మతిమరుపు జబ్బులో ఉన్నవాళ్ళు తాము దాచిన చోటు మరిచిపోయి దొంగతనమైందనుకుంటారు, కన్నకూతురి మీదే నింద వేస్తారు. అది ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి, వైద్యులకు బాగా తెలిసిన సంగతే. కానీ మతిమరుపున్న మనిషి సొత్తునే తీయడం తేలికన్నదీ అంతే నిజం. దొంగకు ఇంతకన్నా మంచి సాక్షి ఎవరు దొరుకుతారు? కాబట్టి నమ్మాలా వద్దా అన్న తర్కంలో పడకుండా ముందు రాయాలి. చెప్పింది ఎవరు, ఏ వస్తువు, ఆఖరున ఎప్పుడు చూశారు. రాశాక వెతకాలి. దిండు గలీబులో దొరికితే దొరికిందని రాయాలి. పదిసార్లు దొరికాక పదకొండోసారి దొరకనప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

ఆయాల మాట చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. వస్తువు పోగానే మొదట వాళ్ళ సంచులు విప్పిస్తారు. పన్నెండు గంటల డ్యూటీ, చాలీచాలని జీతం, ఏజెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగం. ఒక గాజు పోయిందని రాత్రికి రాత్రి పని పోగొట్టుకున్న ఆయా తరఫున ఏ వకీలూ నిలబడడు. గాజు మూడు నెలల క్రితమే కోడలు తీసుకెళ్ళిందని తర్వాత తెలుస్తుంది. జాబితా ఉండి, అందులో ఆ తేదీన ఫలానావారు తీసుకెళ్ళారని సంతకం ఉంటే ఆ ఆయా బతుకు నిలిచేది. వస్తువుల పుస్తకం నివాసికి ఎంత రక్షో పనివాళ్ళకూ అంత రక్ష.

కోడలు అన్నాను గానీ కొడుకులూ కూతుళ్ళూ ఎవరైనా కావచ్చు. ‘ఇక్కడ భద్రం ఉండదమ్మా, నా దగ్గర పెడతాను’ అని గొలుసు తీయించడం మన ఇళ్ళలో దొంగతనం కిందికి రాదు. ప్రేమతో చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టను. అయితే స్త్రీధనం అనే భావన మన ధర్మశాస్త్రాల్లో పాతదే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ సొత్తు మీద ఆమెకు సంపూర్ణ హక్కు ఇచ్చింది, ఆ సొత్తులో నగలూ నట్రా కూడా ఉన్నాయి. ఆశ్రమంలో చేరినంత మాత్రాన ఆ హక్కు పిల్లలకు బదిలీ కాదు. గొలుసు మెడలో ఉండాలా, లాకరులో ఉండాలా, మనవరాలికి ఇవ్వాలా అన్నది ఆమె చెప్పాలి. పోతే పోనీ, నా మెడలోనే ఉండనీ అంటే అదీ ఆమె ఇష్టమే. భద్రత పేరు చెప్పి మనిషిని బోసి మెడతో కూర్చోబెట్టే ఆశ్రమం గాఫ్‌మన్ చూసిన సంస్థకన్నా ఏమంత మెరుగు?

మన దేశపు చట్టం ఏమంటుంది? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అందరికీ తెలిసిందే. చూసుకుంటామని చెప్పి రాయించుకున్న ఆస్తి, చూసుకోకపోతే రద్దయ్యే 23వ సెక్షను పేపర్లలో తరచూ వస్తుంది. అదే చట్టంలో ఆస్తి అన్న మాట కింద స్థిరాస్తీ చరాస్తీ రెండూ ఉన్నాయి. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు పెట్టవచ్చని, అవి ఎలా నడవాలో రాష్ట్రం పథకం రాయవచ్చని 19వ సెక్షను చెబుతోంది. కేసులన్నీ ఇళ్ళూ పొలాల చుట్టూ తిరుగుతున్నాయి. మంచం పక్క అర దాకా ఎవరూ రాలేదు.

దానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదని నా అభిప్రాయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఉంది. తిరిగి ఇచ్చే షరతు మీద ఒకరి వస్తువును పుచ్చుకున్నవారు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షను. ఆఫీసు ఇనప్పెట్టెలో పెట్టడానికి గొలుసు పుచ్చుకున్న క్షణం నుంచి ఆశ్రమం మీద ఆ బాధ్యత పడుతుంది. రసీదు అడిగి తీసుకోండి. ముందే సంతకం చేయించుకున్న ఒక్క వాక్యంతో నిర్లక్ష్యం మాఫీ అవుతుందా అంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాల మీద రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళే దారి తెరిచింది. డబ్బు తీసుకుని నడిపే ఆశ్రమం సేవాలోపానికి జవాబు చెప్పవలసిందే. నిజంగా దొంగతనమే అయితే భారతీయ న్యాయ సంహితలో నివాస గృహంలో దొంగతనానికి 305, యజమాని అధీనంలో ఉన్న సొత్తును ఉద్యోగి దొంగిలిస్తే 306, నమ్మి అప్పగించినదాన్ని స్వాహా చేస్తే 316 ఉన్నాయి. పోలీసు స్టేషనుకు వెళ్ళలేనివాళ్ళకు 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరు ఉంది. ఆశ్రమం గోడ మీద రాయవలసిన వాక్యం ఏదైనా ఉంటే అది ఈ నంబరు.

మరో ఘట్టం ఉంది. నివాసికి జబ్బుచేసి ఆసుపత్రికి తీసుకెళ్తారు. మంచం ఖాళీ చేయాలి. వస్తువులు నల్ల ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి మూల గదిలో పడేస్తారు. మనిషి పదిరోజులకు తిరిగొస్తే సంచి దొరకదు, రాకపోతే సంచిని అడిగేవారు లేరు. బ్రిటన్‌లో 1948 నాటి చట్టం 48వ సెక్షనులోనే, ఒక మనిషిని ఆసుపత్రిలోనో గృహంలోనో చేర్చినప్పుడు చూసే దిక్కు లేకపోతే అతని చరాస్తిని కాపాడే పని స్థానిక మండలికి అప్పగించారు. ఇంగ్లండులో 2014 చట్టంలో 47వ సెక్షనుగా అది కొనసాగుతోంది. యుద్ధంతో చితికిపోయిన దేశం, ఆసుపత్రికి వెళ్ళిన ముసలావిడ ఇంటి సామాను గురించి చట్టంలో ఒక సెక్షను రాసుకుంది. మనకు తీరిక లేదనడానికి నాకు నోరు రాదు. అమెరికాలో నివాసి చనిపోతే హోం దగ్గర దాచిన అతని డబ్బు లెక్కలతో సహా 30 రోజుల్లో అతని ఆస్తి వ్యవహారం చక్కబెట్టేవారికి అప్పగించాలి. మన దగ్గర పిల్లలు విమానం దిగి కర్మకాండ ముగించుకుని వెళ్ళిపోయే తొందరలో, ‘ఆ బట్టలు ఎవరికైనా ఇచ్చేయండి’ అనేస్తారు. ఆ బట్టల మధ్యే పాస్‌బుక్కు ఉంటుంది.

ఈ పట్టణంలోని ఆశ్రమాల నిర్వాహకులు కొందరు ఈ సభలో ఉన్నారని విన్నాను. వారిని ఒకటే కోరుతున్నాను. ఆ బోర్డు తీసేయండి, ఆ స్థానంలో ఒక పుస్తకం పెట్టండి. నమూనా ఒకటి నేను తెలుగులోనే రాసి తెచ్చాను, ప్రతులు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. చేరే రోజున నివాసి పక్కన కూర్చుని, ఆమె చెబుతుండగా రాయాలి. కొడుకు చెబుతుండగా రాయకూడదు. బంగారం గడి అట్టడుగున పెట్టాను. మొదటి గడులు కళ్ళజోడు, పళ్ళు, వినికిడి మిషను, చేతికర్ర, ఫోను. చివర ఒక గడి ఖాళీగా వదిలాను: మీకు ముఖ్యమైనది ఇంకేదైనా ఉందా అని అడిగి, ఆమె ఏది చెబితే అది, దాని ధర ఎంతని అడగకుండా, అందులో రాయండి. సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక ప్రతి ఆమె అరలోనే ఉంచండి. ఆ అరకు తాళం వేసి చెవి ఆమెకే ఇవ్వండి.